చైనా పెళ్ళిలో రేగుపళ్ళు, గొడుగు, టీ కప్పు: వీటి అర్థాలు తెలిసినవాళ్ళు చెప్పరూ? (తమ్ముడి పెళ్ళి గ్వాంగ్‌జౌలో)

తెనాలి_ఆడపడుచు:
అందరికీ నమస్కారం. మా తమ్ముడు ఏడేళ్ళుగా గ్వాంగ్‌జౌలో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడి అమ్మాయినే పెళ్ళి చేసుకుంటున్నాడు. వచ్చే నెల అక్కడ వాళ్ళ పద్ధతిలో పెళ్ళి. ఆ తర్వాత తెనాలిలో మన పద్ధతిలో. అమ్మ, బాబాయి, నేను ముందు అక్కడికి వెళ్తున్నాం.

అమ్మాయి చాలా మంచిది. వీడియో కాల్‌లో ఏ పద్ధతి ఎలా చేస్తారో అంతా చూపిస్తుంది. కానీ ఎందుకు చేస్తారంటే "మా అమ్మమ్మ చేసింది, మేమూ చేస్తాం" అంటుంది. అడిగితే మనమూ అదే చెబుతాం కదా! అమ్మకు మాత్రం అర్థం తెలియకుండా ఏ క్రతువులోనూ కూర్చోవడం ఇష్టం ఉండదు. మంగళసూత్రం మూడు ముళ్ళకీ, జీలకర్ర బెల్లానికీ అర్థం చెప్పగల మనిషి. అక్కడ మంచం మీద ఎండు పళ్ళు ఎందుకు చల్లుతారు, గొడుగు ఎందుకు పడతారు, టీ ఎందుకు ఇస్తారు అని నన్ను రోజూ అడుగుతోంది.

ఇంకో టెన్షన్ కూడా ఉంది. చైనాలో తెలుపు చావుకు గుర్తు అని ఎవరో చెప్పారట. తెనాలి పెళ్ళిలో మధుపర్కాలు కట్టాలి కదా, తెల్లబట్టలు చూసి వాళ్ళు బాధపడతారేమోనని అమ్మ నిద్ర పోవడం లేదు. అక్కడ ఉన్నవాళ్ళు, ఆ ఇళ్ళలో మెలిగినవాళ్ళు దయచేసి చెప్పండి.

ముత్యాల_నది:
అక్కా, ముందుగా శుభాకాంక్షలు. నేను గ్వాంగ్‌జౌలోనే పదకొండేళ్ళుగా ఉంటున్నాను. మా ఆఫీసు వాళ్ళ పెళ్ళిళ్ళకు చాలా వెళ్ళాను.

తెలుపు గురించి భయం వద్దు. శవయాత్రలో తెల్లటి ముతకబట్టలు కట్టుకోవడం వాళ్ళ ఆచారం, అది నిజమే. కానీ ఇప్పుడు చైనాలో పెళ్ళికూతుళ్ళలో చాలామంది తెల్లగౌను కూడా వేసుకుంటారు. ఉదయం టీ ఇచ్చేటప్పుడు ఎర్రబట్టలు, తర్వాత తెల్లగౌను, విందులో మళ్ళీ ఎరుపు. మధుపర్కాలకు ఎర్ర అంచు ఉంటుంది కాబట్టి ఒక్కమాట ముందుగా చెప్పి ఉంచండి, సరిపోతుంది. డబ్బు మాత్రం పొరపాటున కూడా తెల్లకవర్లో పెట్టి ఇవ్వొద్దు. తెల్లకవరు చావు ఇంటికి.

ఇక మీ అమ్మగారి ప్రశ్న. నాకు అర్థం కావడానికి నాలుగైదు పెళ్ళిళ్ళు పట్టింది. ఆ పెళ్ళిలో పురోహితుడు లేడు, అగ్నిహోత్రం లేదు. మంత్రం చదివేవాళ్ళు లేరు కాబట్టి వస్తువులే ఆ పని చేస్తాయి. వస్తువు పేరు పలికితే చాలు, అందులో ఇంకో మాట వినిపిస్తుంది. అదే దీవెన.

మంచం మీద చల్లేవి నాలుగు రకాలు. ఎండు రేగుపళ్ళు, వేరుశనగ కాయలు, లాంగన్ అనే ఎండుపండు, తామర గింజలు. రేగుపండును జావ్ అంటారు. జావ్ అంటే తొందరగా అని కూడా. వేరుశనగ హ్వాషెంగ్, అందులో షెంగ్ అంటే పుట్టడం. లాంగన్‌ను గ్వేయువాన్ అంటారు, గ్వే అంటే గొప్ప. తామర గింజ ల్యెన్‌జ్, జ్ అంటే బిడ్డ. నాలుగూ కలిపి పలికితే "జావ్ షెంగ్ గ్వే జ్", తొందరలో గొప్ప బిడ్డ పుట్టాలి అని. ఎవరూ నోరు తెరిచి చెప్పక్కర్లేదు, దుప్పటి మీద వాక్యం రాసి ఉంటుంది. ఆ పళ్ళు చల్లాక చుట్టాల పిల్లల్ని మంచం ఎక్కించి గెంతమంటారు.

అమ్మగారికి ఇంకో మాట చెప్పండి. అది మన భోగిపళ్ళ రేగు జాతిదే. మనం పుట్టిన పిల్లల తలమీద పోస్తాం, వాళ్ళు పుట్టబోయే పిల్లల కోసం మంచం మీద పోస్తారు.

వరంగల్_స్టెత్:
నేను హుబే రాష్ట్రంలో ఎంబీబీఎస్ చదివాను. శబ్దం గురించి అన్న రాసింది నూటికి నూరుపాళ్ళు నిజం. మా హాస్టల్ దగ్గర దుకాణం నడిపే పెద్దాయన కూతురి పెళ్ళికి నేను గోడగడియారం కొని తీసుకెళ్ళాను. ఆయన నవ్వుతూనే తీసుకుని, లోపలికి వెళ్ళి ఒక యువాన్ నాణెం తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఎందుకో అర్థం కాలేదు. తర్వాత మా క్లాస్‌మేట్ చెప్పింది. గడియారం ఇవ్వడాన్ని "సోంగ్ జోంగ్" అంటారు. చివరి ఘడియలో ఉన్నవాళ్ళ దగ్గర ఉండి సాగనంపడాన్ని కూడా సరిగ్గా అలాగే పలుకుతారు. నాణెం ఇస్తే అది బహుమతి కాదు, కొన్న వస్తువు అవుతుంది. నన్ను నొప్పించకుండా దోషం తీసేశాడు. ఆ పెద్దాయన మర్యాద నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

అలాగే బేరిపళ్ళు వద్దు, బేరిపండును "లీ" అంటారు, విడిపోవడాన్ని కూడా అలాగే పలుకుతారు. ఏదైనా లెక్కలో నాలుగు వద్దు, అది చావు అనే మాటకు దగ్గరగా వినిపిస్తుంది.

పాత_పుస్తకం:
అమ్మా, నేను చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయినవాణ్ణి. చైనా వెళ్ళలేదు గానీ వాళ్ళ పాత గ్రంథాల అనువాదాలు చాలాకాలంగా చదువుతున్నాను.

వాళ్ళ పెళ్ళికి మూలం "ఆరు మర్యాదలు". యీలీ, లీజీ అనే ప్రాచీన గ్రంథాల్లో ఉన్నాయి. మధ్యవర్తితో సంబంధం అడిగించడం, అమ్మాయి పేరు అడగడం, ఆ పేరు పట్టుకుని పూర్వీకుల ముందు శకునం చూసి శుభమని కబురు పంపడం, కానుకలు పంపి ఖాయం చేసుకోవడం, ముహూర్తం అడగడం, పెళ్ళికొడుకు స్వయంగా వెళ్ళి అమ్మాయిని తెచ్చుకోవడం. ఈ ఆరింటిలో కానుకల ఘట్టం ఒక్కటి తప్ప మిగతా ఐదింటికీ అబ్బాయి తరఫు వాళ్ళు ఒక అడవిబాతును పట్టుకెళ్ళాలి. ఆకాశంలో బారు కట్టి పోయే బాతు. చలికి దక్షిణానికి పోతుంది, ఎండకు ఉత్తరానికి వస్తుంది, వేళ తప్పదు. జత కడితే విడవదని నమ్మకం. మాట తప్పని మనిషికి అంతకంటే మంచి గుర్తు ఏముంటుంది? తర్వాతి కాలంలో అడవిబాతు దొరక్క కొయ్యతో చేసిన బాతును, పెంపుడు బాతును, కోడిని తీసుకెళ్ళేవారు.

అప్పట్లో పెళ్ళి సాయంసంధ్య వేళ. చైనా భాషలో పెళ్ళి అనే మాట "హున్", సంధ్య చీకటి అనే మాట కూడా "హున్". పగలు పురుషుడికీ రాత్రి స్త్రీకీ గుర్తు కాబట్టి రెండూ కలిసే వేళ అని వ్యాఖ్యాతలు చెప్పారు.

నన్ను అన్నిటికంటే కదిలించినది వేరే ఉంది. కన్‌ఫ్యూషియస్ చెప్పినట్టుగా లీజీలో ఒక మాట వస్తుంది. కూతుర్ని పంపిన ఇంట్లో మూడు రాత్రులు దీపం ఆర్పరు, ఎడబాటును తలుచుకుంటూ. కోడల్ని తెచ్చుకున్న ఇంట్లో మూడు రోజులు సంగీతం ఉండదు, తల్లిదండ్రుల చోటులోకి పిల్లలు వస్తున్నారని తలుచుకుంటూ. కోడలు వచ్చిందంటే తల్లిదండ్రులకు వయసు మీద పడుతోందని అర్థం కదా! ఇప్పటి బాణసంచా, బ్యాండు చూసినవాళ్ళు ఇది నమ్మలేరు. మొదట్లో అది నిశ్శబ్దమైన పెళ్ళి.

తెనాలి_ఆడపడుచు:
మాస్టారూ, ఆ మూడు రాత్రుల దీపం సంగతి అమ్మకు చదివి వినిపించాను. ఏమీ అనలేదు, లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. నన్ను అత్తారింటికి పంపిన రోజులు గుర్తొచ్చినట్టున్నాయి.

ఇంకో రెండు సందేహాలు. అబ్బాయి తరఫున పట్టుకెళ్ళాల్సిన సామాను జాబితా తమ్ముడు పంపాడు. అందులో కొబ్బరికాయలు, వక్కలు ఉన్నాయి! పొరపాటున మన జాబితా పంపాడేమో అనుకున్నాను. రెండోది, పెళ్ళికి ముందురోజు రాత్రి "తల దువ్వడం" అని ఉంది. అదేమిటి?

సింగపూర్_కోడలు:
పొరపాటు కాదమ్మా. నాది రాజమండ్రి, మా అత్తవారు సింగపూర్‌లో స్థిరపడిన కాంటన్ (గ్వాంగ్‌జౌ పాతపేరు) కుటుంబం. నా పెళ్ళికీ కొబ్బరికాయలు వచ్చాయి. మా నాన్నగారు వాటిని చూడగానే సగం బెంగ తీరిందన్నారు.

అబ్బాయి ఇంటినుంచి సామాను వెళ్ళడాన్ని కాంటనీస్‌లో "గ్వో దాయ్ లై" అంటారు. మన నిశ్చయ తాంబూలాల లాంటిది. కొబ్బరికాయను వాళ్ళ భాషలో పలికితే తండ్రి, కొడుకు అన్న మాటలు వినిపిస్తాయి. ఇంట్లో తరాలు తెగకుండా ఉండాలని. వక్క మాటలో "లాంగ్" ఉంది, అంటే భర్త. మొదటినుంచి చివరిదాకా ఒకే భర్త అని దానికి అర్థం చెబుతారు. ఇవి కాక టీ ఆకు, నువ్వులు, మద్యం, ఎండబెట్టిన సముద్రపు సరుకు, బోలెడన్ని పెళ్ళి కేకులు. అమ్మాయివాళ్ళు అన్నీ ఉంచేసుకోరు, కొంత తిరిగి పంపుతారు. మొత్తం ఉంచుకుంటే అమ్మాయిని అమ్ముకున్నట్టు ఉంటుందని మా అత్తగారు అనేవారు.

గొడుగు సంగతి అడిగారు. ఇది నాకు చాలా ఇష్టమైనది. గొడుగును చైనా భాషలో "సాన్" అంటారు. చెదిరిపోవడం అన్న మాట కూడా అలాగే వినిపిస్తుంది. అందుకే స్నేహితులకు గొడుగు కానుకగా ఇవ్వరు. కానీ పెళ్ళికూతురు పుట్టింటి గడప దాటగానే ఆమె తలమీద ఎర్రగొడుగు విప్పుతారు! ఎందుకంటే "కొమ్మలు విరియాలి, ఆకులు విస్తరించాలి" అనే దీవెనలోనూ అదే శబ్దం ఉంది. ఒకే మాట ఒకచోట భయం, ఇంకోచోట వరం.

టీ గురించి. టీ మొక్కను గింజ వేసి పెంచాలే తప్ప పీకి ఇంకోచోట నాటితే బతకదని పాతకాలం వాళ్ళు నమ్మేవారు. అందుకే అది కదలని మనసుకు గుర్తు. "ఫలానా ఇంటి టీ తాగింది" అంటే సంబంధం ఒప్పుకుందని అర్థం ఉండేది. పెళ్ళిరోజున కొత్తదంపతులు మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులతో కప్పు అందిస్తారు. ముందు పెద్దవాళ్ళు, తర్వాత వరుస ప్రకారం. ఆ కప్పు ఇస్తూనే కోడలు మొదటిసారి "అమ్మా, నాన్నా" అని పిలుస్తుంది. అంతవరకు ఆంటీ, అంకుల్. ఈ పిలుపు మారడానికి "గైకౌ" అని పేరే ఉంది, అంటే నోటిమాట మార్చుకోవడం. అత్తగారు కప్పు తీసుకుని ఒక గుక్క తాగితే చాలు, కోడలు అయిపోయినట్టే. నా దృష్టిలో మన తాళికి సమానమైన క్షణం అదే.

తల దువ్వడం అంటే ముందురోజు రాత్రి అబ్బాయికి వాళ్ళ ఇంట్లో, అమ్మాయికి వాళ్ళ ఇంట్లో, కొత్త దువ్వెనతో పెద్దావిడ ఎవరైనా దువ్వుతూ దీవెనలు చెబుతారు. మొదటిసారి దువ్వేది చివరిదాకా కలిసి ఉండమని, రెండోసారి ఇద్దరి జుట్టూ కలిసి నెరవాలని, మూడోసారి ఇంటినిండా పిల్లలు తిరగాలని. దువ్వే ఆవిడ భర్త, పిల్లలు ఉన్న ఆవిడ అయి ఉండాలి. మన ముత్తైదువ అనుకోండి.

తెనాలి_ఆడపడుచు:
అక్కా, అంతా వివరంగా చెప్పినందుకు చాలా థాంక్స్. చివరి మాట చదివి మాత్రం కాసేపు ఆగిపోయాను. నాన్నగారు పోయి మూడేళ్ళయింది. నా కూతురి ఓణీల ఫంక్షన్‌లో అమ్మ వెనక గదిలోనే ఉండిపోయింది, ఎంత పిలిచినా రాలేదు. కనీసం అక్కడైనా ఇలాంటివి ఉండవని, కొడుకు పెళ్ళిలో అమ్మ ముందు నిలబడగలదని అనుకున్నాను. అక్కడా ఇంతేనా?

నల్లరేగడి:
అక్కడా ఇంతేనమ్మా. నేను చైనా సమాజం గురించి చదువుకున్నదాన్ని. అందరూ అందమైన సంగతులే రాస్తున్నారు కాబట్టి మిగతావి నేను రాస్తాను.

మంచం మీద పళ్ళు దీవించేది "గొప్ప బిడ్డ" అన్నారు. నిజానికి ఆ మాటలో బిడ్డ అంటే వందల ఏళ్ళుగా కొడుకే. పెళ్ళికూతురి బండి కదిలాక వెనక నీళ్ళు పారబోసే ఆచారం చాలాచోట్ల ఉంది. పెళ్ళయిన కూతురు పారబోసిన నీళ్ళలాంటిదని వాళ్ళ సామెత. మన "ఆడ పిల్లే గానీ ఈడ పిల్ల కాదు" అన్నమాటే. కాంటన్ వైపు మూడోరోజు పుట్టింటికి వెళ్ళేటప్పుడు కాల్చిన పందిని తీసుకెళ్తారు. ఇప్పుడది విందు మాత్రమే. పాతరోజుల్లో ఆ పంది వచ్చిందంటే అమ్మాయి శీలవతి అని అత్తింటివాళ్ళు ఊరికి చాటినట్టు. రాకపోతే ఆ ఇంటి పరువు ఏమయ్యేదో ఆలోచించండి. ఒక పిల్ల బతుకును పందితో తూచారు.

శోభనం గదిలోకి దూరి కొత్తదంపతుల్ని ఆటపట్టించే అలవాటు కూడా హద్దు దాటి, పెళ్ళికూతురి స్నేహితురాళ్ళను వేధించేదాకా పోయింది. అక్కడి ఆడవాళ్ళు దాని మీద గట్టిగా మాట్లాడుతున్నారు. గుర్తుల వెనక ఏ భావం ఉందో తెలిసినప్పుడే దేన్ని ఉంచుకోవాలో, దేన్ని వదులుకోవాలో తెలుస్తుంది. మీ అమ్మగారిని ఎవరైనా వెనక కూర్చోమంటే, దయచేసి మీరు ఊరుకోవద్దు.

ముత్యాల_నది:
నల్లరేగడి గారు చెప్పింది కాదనను. కన్యాశుల్కం సంగతి కూడా చెప్పాలి. అక్కడ కట్నం మనకు తిరగేసి, అబ్బాయివాళ్ళు అమ్మాయివాళ్ళకు ఇస్తారు. "ఛాయ్‌లీ" అంటారు. అందులోనూ అంకెల గుర్తులే. ఎనిమిది సంపదకు, తొమ్మిది చిరకాలానికి. 10,001 యువాన్లు ఇస్తే పదివేల మందిలో ఏరుకున్న ఒక్కతి అని. కొన్ని ఊళ్ళలో "పదివేల ఊదా, వెయ్యి ఎరుపు, ఇంకొంత పచ్చ" అనే లెక్క ఉండేది. ఊదారంగు 5 యువాన్ల నోట్లు పదివేలు, ఎర్రటి వంద నోట్లు వెయ్యి, పైన పచ్చటి యాభై నోట్లు కొన్ని. లెక్క వేయండి, లక్షన్నర యువాన్లు దాటుతుంది. పొలం చేసుకునే కుటుంబం ఎక్కణ్ణుంచి తెస్తుంది? పెళ్ళి పేరుతో డబ్బు గుంజడాన్ని వాళ్ళ చట్టం నిషేధిస్తుంది. ఈ ఛాయ్‌లీ తగాదాల మీద సుప్రీం పీపుల్స్ కోర్టు ప్రత్యేకంగా నిబంధనలు తెచ్చింది, 2024 ఫిబ్రవరి 1 నుంచి అమల్లో ఉన్నాయి.

దువ్వెన సంగతి నేను ఇక్కడ పెళ్ళిళ్ళు నడిపించే ఒక ఆవిడని అడిగి చెబుతాను. "దాయ్ కమ్ జే" అంటారు వాళ్ళని. పెళ్ళికూతురి పక్కనే ఉండి ఏ క్షణంలో ఏ మంచిమాట పలకాలో పలికే ఆవిడ. పురోహితుడు లేడని రాశాను కానీ, కాంటన్ పెళ్ళిలో ఆ స్థానానికి దగ్గరగా వచ్చేది ఈవిడే.

పాత_పుస్తకం:
ఒకటి గమనించారా? వస్తువులు మారుతూ వచ్చాయి. సగం చేసిన సొరకాయ బుర్రల్లో వధూవరులు మద్యం తాగేవారు. ఒకే కాయ రెండు చెక్కలు, కలిపితే మళ్ళీ ఒకటే కాయ. ఆ కాయ చేదు, లోపల పోసింది తీపి. బతుకులో రెండూ పంచుకోవాలని. దానిపేరు "హజిన్". తర్వాత బుర్రలు పోయి, రంగుదారంతో కట్టిన గిన్నెలు వచ్చాయి. ఇప్పుడు మోచేతులు మెలివేసి గాజుగ్లాసులతో తాగుతున్నారు. 1950 మే నెలలో వచ్చిన వివాహ చట్టం బలవంతపు పెళ్ళిళ్ళను, చిన్నతనంలోనే పిల్లను తెచ్చి పెంచుకోవడాన్ని ఆపింది. సాంస్కృతిక విప్లవం రోజుల్లో ఆకాశానికీ భూమికీ పెట్టాల్సిన దండం మావో పటానికి పెట్టించారు. అప్పటి వరుడు తేవలసినవి సైకిలు, చేతిగడియారం, కుట్టుమిషను, రేడియో. "మూడు తిరిగేవి, ఒకటి మోగేది" అనేవారు. ఇన్ని మార్పులు చూసిన పెళ్ళిలో, కొడుకు తల దువ్వే చెయ్యి ఎవరిదన్నది మారకూడదని ఎక్కడా లేదు తల్లీ.

వరంగల్_స్టెత్:
పశ్చిమ హుబేలో ఎన్‌షీ అనే కొండప్రాంతం ఉంది. అక్కడి తుజియా తెగవాళ్ళ ఊరికి మా క్లాస్‌మేట్ అక్క పెళ్ళికి వెళ్ళాను. వాళ్ళలో పెళ్ళికూతురు ఏడవాలి. పాతరోజుల్లో పెళ్ళికి పదిహేను రోజులు, నెల ముందునుంచే మొదలుపెట్టేవారట. తోటి ఆడపిల్లలు చుట్టూ కూర్చుని పాటగా ఏడుస్తారు. అమ్మ మీద ఒక పాట, అన్నదమ్ముల మీద ఒక పాట, సంబంధం తెచ్చిన మధ్యవర్తిని తిడుతూ ఇంకొకటి! తనకు నచ్చని పెళ్ళి గురించి నోరు విప్పడానికి ఆ పిల్లకు ఊరు ఇచ్చిన ఒకే ఒక్క అవకాశం అదేనని మా ఫ్రెండ్ వాళ్ళ నాయనమ్మ చెప్పింది. నేను చూసిన పెళ్ళిలో ఒక్క పాటే పాడారు, అదీ అప్పటికప్పుడు నేర్చుకున్నది. కానీ రెండో చరణానికి ఆ అక్క నిజంగానే ఏడ్చేసింది. భాష సగమే అర్థమైనా, మా చెల్లి అప్పగింతలే నా కళ్ళముందు కనిపించాయి.

సింగపూర్_కోడలు:
తెనాలి చెల్లీ, నిన్న తొందరలో రాసి నిన్ను బాధపెట్టాను. మిగతాది చెప్పనీ.

మా మామగారు నా పెళ్ళికి ముందే పోయారు. మా ఆయన తల దువ్వింది మా అత్తగారే. చుట్టాల్లో ఒకావిడ పద్ధతి కాదంది. దానికి మా అత్తగారు, "వీడి జుట్టు మొదటిసారి దువ్విందీ నేనే" అన్నారు. ఇంకెవరూ మాట్లాడలేదు. ఇప్పుడు చాలా ఇళ్ళలో కన్నవాళ్ళే దువ్వుతున్నారు. టీ దగ్గర అయితే అసలు ఇలాంటి పట్టింపే లేదు. తల్లి తల్లే, ఆమె కుర్చీ ముందువరసలోనే. పోయిన తండ్రికి ముందుగా పూర్వీకుల పీఠం దగ్గర అగరొత్తులు వెలిగిస్తారు. మా పెళ్ళిలో ఆయన పటం ముందు కూడా ఒక కప్పు టీ పెట్టాం. మీ నాన్నగారి ఫోటో చిన్నది ఒకటి తీసుకెళ్ళండి.

నువ్వు పెళ్ళికొడుక్కి అక్కవి కాబట్టి నీకూ టీ ఇస్తారు. నువ్వు కూర్చోవాలి, వాళ్ళు నిలబడి ఇస్తారు. ఎర్రకవరు సిద్ధంగా పెట్టుకో.

తెనాలి_ఆడపడుచు:
మీ పోస్టు అమ్మ స్వయంగా చదివింది. నాన్న ఫోటో బ్యాగులో పెట్టింది. దువ్వెన గురించి మాత్రం "చూద్దాంలే" అంది. ఎర్రకవర్లో ఎంత పెట్టాలి? మన నూటపదహార్లు అక్కడ చెల్లుతాయా?

ముత్యాల_నది:
చెల్లుతాయి! నిజంగా మంచి లెక్క అది. పెళ్ళికి సరిసంఖ్య ఇవ్వాలి, మంచివి జంటగా రావాలని. 116 సరిసంఖ్యే, పైగా చివర ఆరు ఉంది. ఆరు అంటే సాఫీగా సాగిపోవడం. మీరు 1,116 యువాన్లు పెట్టి అది మన సంప్రదాయమని చెప్పండి, వాళ్ళే సంతోషిస్తారు. కొత్తనోట్లు పెట్టండి, రెండు చేతులతో ఇవ్వండి.

దాయ్ కమ్ జే ఆవిడని అడిగాను. ముప్ఫై ఏళ్ళుగా ఇదే పని చేస్తోందట. "అమ్మ దువ్వాలనుకుంటే అమ్మే దువ్వాలి, పక్కన నిలబడి దీవెనలు నేను పలుకుతాను" అంది. ఇంకోమాట కూడా అంది. దువ్వెన మధ్యలో ఆగకూడదట, కుదుళ్ళ నుంచి చివరిదాకా ఒకే లాగు లాగాలి.

తెనాలి_ఆడపడుచు:
పెళ్ళి నుంచి తిరిగొచ్చి నాలుగు రోజులైంది. ముందుగా మీ అందరికీ చెప్పాలని కూర్చున్నాను.

తమ్ముడు, స్నేహితులు అమ్మాయి ఇంటికి వెళ్తే తలుపు తీయలేదు. ఆమె స్నేహితురాళ్ళు లోపల్నుంచి ఎర్రకవర్లు అడిగారు, పాట పాడమన్నారు. తమ్ముడు తెలుగు పాట అందుకున్నాడు. మన ఇంట్లో గుమ్మం దగ్గర ఆపి పేర్లు చెప్పించేది నేను కదా, అక్కడ బయట నిలబడటం కొత్తగా ఉంది. ఆ అమ్మాయి ఎర్రటి పట్టుమీద బంగారు, వెండి దారంతో కుట్టిన డ్రాగన్, ఫీనిక్స్ బట్టల్లో వచ్చింది. ఎరుపు కనిపించనంత కుట్టు. గుమ్మం దాటగానే గొడుగు విప్పారు. అమ్మ నా చెయ్యి నొక్కి, "కొమ్మలు, ఆకులు" అంది.

టీ అందించేటప్పుడు ఆ అమ్మాయి అమ్మను "మా" అని పిలిచింది, తర్వాత తెలుగులో "అత్తయ్యా" అంది. తమ్ముడు నెల రోజులు నేర్పించాడట. నాన్న ఫోటో ముందు కప్పు పెట్టింది వాళ్ళ నాన్నగారు, మేం అడగకముందే. నా దగ్గరికి వచ్చినప్పుడు దాయ్ కమ్ జే "గా జే" అని అందించింది, అంటే అక్క అని. ఆ పిల్ల కాసేపు ఆలోచించి "వదినా" అంది. టీలో రేగుపళ్ళు వేశారు, తియ్యగా ఉంది.

ముందురోజు రాత్రి సంగతి చివర్లో చెబుదామని ఆగాను. హోటల్ గదిలోనే పెట్టుకున్నాం. దాయ్ కమ్ జే కొత్త దువ్వెన, అద్దం, ఎర్రదారం సర్ది, బాబాయి భార్య రాలేదు కదా ఎవరు దువ్వుతారన్నట్టు మా వైపు చూసింది. అమ్మ గోడ దగ్గర నిలబడి ఉంది. నేను మాట్లాడబోయేలోపు తమ్ముడే వెనక్కి తిరిగి, "అమ్మా, స్కూలుకి టైమైపోతోంది" అన్నాడు. చిన్నప్పుడు రోజూ పొద్దున అనేమాట. అమ్మ వచ్చింది. ఆవిడ వాళ్ళ భాషలో ఒక్కో దీవెనా పలుకుతుంటే అమ్మ మూడుసార్లు దువ్వింది. ఎక్కడా చెయ్యి ఆగలేదు. మూడోది అయ్యాక అలవాటు కొద్దీ ఎడమవైపు పాపిడి తీసి, చెయ్యి తడి చేసుకుని జుట్టు అణిచింది.